హోం నుంచి ఇంటికి: పిల్లల్ని పంపే ముందు, పంపాక

మన పట్టణాల్లో ‘అనాథాశ్రమం’ అని బోర్డు ఉన్న చోట లోపలి పిల్లల్ని అడిగి చూడండి. చాలామందికి అమ్మ ఉంటుంది. నాన్న పోయాడు, అమ్మ కూలికి పోతోంది. లేదా అమ్మ పోయింది, నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. లేదా ఇద్దరూ హైదరాబాద్‌లో సైటు పనిలో ఉన్నారు, ఊళ్ళో ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. 2016-17లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశమంతా లెక్క తీయిస్తే ఇలాంటి సంస్థలు 9,589 తేలాయి. వాటిలో అనాథలకన్నా తల్లో తండ్రో ఒక్కరున్న పిల్లలే చాలా ఎక్కువ. అంటే కుటుంబం ఉంది, పిల్లను దగ్గర పెట్టుకునే వీలే లేకపోయింది. ఆ వీలు ఎక్కడ తెగిందో ఒక్కో పిల్ల విషయంలో విడిగా చెప్పగలిగితే ఇంటికి పంపొచ్చు. చెప్పలేకపోతే బస్సెక్కించడం వరకే మన వల్ల అవుతుంది.

2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం (2015) ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమని మూడో సెక్షన్ అంటుంది. పునరావాసం వీలైనంతవరకు కుటుంబంలోనే జరగాలని 39వ సెక్షన్ అంటుంది. పిల్ల ఎక్కడ ఉండాలో తేల్చే అధికారం జిల్లాలో బాలల సంక్షేమ సమితిది. పిల్లను మొదటిసారి తన ముందు హాజరుపరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించి ఆ సమితి ఆర్డరు ఇవ్వాలని 36 చెబుతుంది. చేతిలో ఉన్న ఫైళ్ళు చూస్తే కథ వేరు. ‘హోంలో కొనసాగించడమైనది’ అన్న ఒక్క వాక్యం ఏడాదికోసారి తేదీ మార్చుకుంటూ ఉంటుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. కొనసాగించడానికి ఒక సంతకం చాలు, ఇంటికి పంపడానికి నెలల పని కావాలి. తేడా అక్కడే.

హడావిడిగా పంపితే ఏమవుతుందో 2020లో చూశాం. ఆ ఏడాది సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసింది, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. వంద రోజుల్లో పిల్లల్ని ఇళ్ళకు చేర్చమన్నది దాని సారాంశం. లాక్‌డౌన్ మొదట్లో దేశంలోని సంస్థల్లో 2,27,518 మంది పిల్లలు ఉండగా 1,45,788 మందిని ఇళ్ళకు పంపారని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. చదువు ఖర్చుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వమని కోర్టు అప్పుడు రాష్ట్రాలకు చెప్పింది. ఆ వరస గమనించండి. పిల్లలు ముందు వెళ్ళారు, డబ్బు గురించిన మాట తరవాత వచ్చింది. కూలి ఆగిపోయిన ఇంటికి, బడి మూసి ఉన్న ఊరికి, తినే నోరు ఒకటి పెరిగింది. కుటుంబమే మేలు అన్న మాట నిజమే. వరస తప్పితే ఆ మాటకే చెడ్డపేరు వస్తుంది.

ఫైలుతో మొదలు

హోంలో యాభై మంది ఉంటే యాభై ఫైళ్ళూ ఒకేసారి తెరవొద్దు. అమ్మ వారం వారం ఫోన్ చేసే పిల్లలు, పండక్కి ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళే పిల్లలు ముందు. రెండేళ్ళుగా ఎవరూ రాని పిల్లల వాళ్ళను వెతికే పని మాత్రం పక్కన అప్పుడే మొదలవ్వాలి. వెతకడానికే నెలలు పడుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆచూకీ చెరిగిపోతుంది.

ఒక్కో ఫైల్లో రెండు సంగతులు కావాలి. ఎందుకు వచ్చింది, ఆ కారణం ఈరోజు ఉందా. చేరిక కారణం గడిలో నూటికి తొంభై చోట్ల ‘పేదరికం’ అని ఉంటుంది. ఆ మాటతో ఏ పనీ జరగదు. దాన్ని కొట్టేసి ఇలా రాయాలి: ‘భర్త పోయాక తల్లి ఉదయం ఆరింటికి జిన్నింగ్ మిల్లుకు వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వస్తోంది. బడి వదిలాక ఏడేళ్ళ పిల్లను చూసేవాళ్ళు లేరు.’ ఇలా రాస్తే కావాల్సింది సాయంత్రం ఓ నాలుగు గంటలపాటు నీడ అని తెలుస్తుంది. డబ్బు రెండో సంగతి. ‘సవతి తల్లి కొడుతోంది’ అని రాస్తే ఆ ఇల్లు ఇప్పట్లో కాదని, అమ్మమ్మ వైపు వెతకాలని తెలుస్తుంది. ప్రతి పిల్లకూ ఉండాల్సిన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో, అంటే ఫారం 7లో, ఈ వాక్యమే అసలు సరుకు. మిగతా గళ్ళు నింపడం ఎవరైనా చేస్తారు.

పాత ఫైళ్ళలో ఇంకో చిక్కు జిల్లా పేరు. 2016 అక్టోబరులో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. ఫైల్లో ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉన్న ఊరు ఈరోజు నారాయణపేటలోనో, నాగర్‌కర్నూల్‌లోనో, వనపర్తిలోనో, గద్వాలలోనో ఉండొచ్చు. ఏ జిల్లా సమితికి ఉత్తరం రాయాలో తప్పుపోతే ఆ ఉత్తరం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మండలం పేరుతో సరిచూసుకున్నాకే పంపాలి.

ఆచూకీకి ఆధార్‌ను నమ్ముకుంటే మోసం. పిల్ల ఆధార్ మీద చాలాసార్లు హోం చిరునామాయే ఉంటుంది. రేషన్ కార్డులో పిల్ల పేరు తీసేసి ఉంటారు. ఊళ్ళో వెతకాల్సిన మనుషులు వేరు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం లీడరు, ఆంధ్రలో అయితే సచివాలయం మహిళా పోలీసు. వీళ్ళలో డ్వాక్రా లీడరు మాట ఎక్కువ నిలుస్తుంది. ఆ ఇంటి అప్పెంత, ఎవరు తాగుతారు, కోడలు పుట్టింటికి ఎందుకు పోయింది అన్నీ ఆవిడకు తెలుసు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వేరు వేరు హోంలలో ఉండటం మామూలే. ఆరేళ్ళలోపు వాళ్ళు శిశుగృహలో, ఆడపిల్ల బాలసదనంలో, మగపిల్లాడు మరో ఊళ్ళో మగపిల్లల హోంలో. ఒకరిని ఇంటికి పంపి ఇంకొకరిని మరిచిపోతే ఆ మిగిలిన బిడ్డ మనసులో ఒకే లెక్క ఉంటుంది: అమ్మ వాణ్ణి ఎంచుకుంది. ఫైలు తెరిచిన రోజే తోబుట్టువుల ఫైళ్ళన్నీ ఒక కట్టగా కట్టేయాలి.

హోం నడిపేవాళ్ళు తమంత తాముగా పిల్లను పంపకూడదన్నది ఇక్కడే చెప్పాలి. తల్లి వచ్చి ఏడ్చిందని తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపేసే అలవాటు ఇంకా పోలేదు. అది చట్టప్రకారం చెల్లదు. పైగా నష్టపోయేది పిల్లే. సమితి ఆర్డరు లేకుండా వెళ్ళిన పిల్ల జిల్లా బాలల పరిరక్షణ విభాగం లెక్కలో ఉండదు. లెక్కలో లేని పిల్ల నెలనెలా డబ్బు అందే స్పాన్సర్‌షిప్ జాబితాలోకి రాదు, ఇంటికి వెళ్ళి చూసివచ్చే బాధ్యత ఎవరిదీ కాదు.

ఇల్లు చూసేటప్పుడు

సామాజిక పరిశోధన నివేదిక, అంటే ఫారం 22, నింపేటప్పుడు ఇల్లు పక్కాదా, కచ్చాదా, గదులెన్ని అన్నవే ముందు గుర్తొస్తాయి. అవి రాయండి, కానీ అవి నిర్ణయించవు. పూరింట్లో బాగా పెరిగే పిల్లలున్నారు.

చూడాల్సినవి వేరే. రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారో మనిషి మనిషికీ అడగండి. పన్నెండేళ్ళ ఆడపిల్ల వస్తోందంటే ఆమె పడుకునే గదికి లోపలి గడియ ఉందా, స్నానానికి మరుగుందా. బడి వదిలాక, పెద్దవాళ్ళు పని నుంచి వచ్చేలోపు, ఇంట్లో ఉండే మనిషి పేరేమిటి. ఆ పేరు చెప్పలేకపోతే ఆ సమయానికి ఏర్పాటు ముందు చేయాలి. అమ్మమ్మ చూస్తుందంటే అమ్మమ్మ వేసుకునే మాత్రలు చూపించమనండి. షుగరు, బీపీ, మోకాళ్ళు ఇవన్నీ పిల్ల భవిష్యత్తుకు సంబంధించినవే. ఆవిడ తరవాత ఎవరు అన్నది కూడా ఆ పూటే అడగాలి, ఎంత ఇబ్బందిగా ఉన్నా. అప్పు ఎవరి దగ్గర, వారం వారం కట్టే మైక్రోఫైనాన్స్ కిస్తీ ఎంత. ఆ కిస్తీ రోజు తల్లి ఇంట్లో ఎలా ఉంటుందో పక్కింటావిడ చెబుతుంది.

మొదటిసారి చెప్పి వెళ్ళండి, రెండోసారి చెప్పకుండా. మొదటిసారి ఇల్లు అలికి ఉంటుంది, మామయ్య ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు, టీ వస్తుంది. రెండోసారి సాయంత్రం ఆరు, ఏడు మధ్య వెళ్తే ఇల్లు నడిచే తీరు కనబడుతుంది. ఆదివారం సాయంత్రం అయితే తాగుడు సంగతి కూడా.

పిల్లతో మాట్లాడేటప్పుడు వార్డెన్ పక్కన ఉండకూడదు, ఒక్కసారి మాట్లాడితే చాలదు. ‘ఇంటికెళ్తావా?’ అని అడిగితే అందరూ వెళ్తామంటారు. వార్డెన్ ఉంటే అందరూ ‘వెళ్ళం’ అంటారు. ఆ రెండు జవాబులతోనూ లాభం లేదు. కాగితం ఇచ్చి ఇంటి బొమ్మ గీయమని, ‘ఇక్కడ ఎవరు పడుకుంటార్రా? నువ్వెక్కడ?’ అని అడగండి. ఎవరిని గీయలేదో చూడండి. ఎవరి పేరు వచ్చినప్పుడు మాట ఆగిందో రాసుకోండి. పోక్సో కేసులో ముద్దాయి ఆ ఇంట్లోనే ఉన్నా, బెయిల్ మీద వచ్చి పక్క వీధిలో ఉన్నా ఆ ఇంటికి పంపే ప్రసక్తే లేదు. కన్నతల్లే ఎంత బతిమాలినా సరే. అలాంటప్పుడు తల్లిని వేరే ఊళ్ళో పుట్టింటికి మార్చగలమా అన్నది ప్రశ్న. కొన్నిసార్లు మార్చగలం కూడా.

మేనమామ, పెదనాన్న, అమ్మమ్మ

బంధువుల ఇల్లే మన దగ్గర అన్నిటికన్నా పెద్ద బలం. హోంలు లేని రోజుల్లో తల్లిలేని పిల్లలు పెరిగింది అక్కడే. కాకపోతే మన చుట్టరికాల్లో మనకు తెలిసిన రెండు ప్రమాదాలున్నాయి, నివేదికల్లో అవి కనబడవు.

ఒకటి మేనరికం. పదమూడేళ్ళ పిల్లను మేనమామ ఇంట్లో పెడుతున్నామంటే, ఆ ఇంట్లో పెళ్ళికాని మామ ఉన్నా, పందొమ్మిదేళ్ళ బావ ఉన్నా, ఊరు దాన్ని సంరక్షణ అనుకోదు. ‘పిల్లను తెచ్చుకున్నారు’ అనుకుంటుంది. పదో తరగతి అవ్వగానే మాట మొదలవుతుంది, ఒక్కోసారి అంతకు ముందే. కాబట్టి ఆ ఇంట్లో వరసైనవాళ్ళు ఎవరెవరు, వయసెంత అని రాసుకోవాలి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే కేసవుతుందని, పిల్లను వెనక్కి తీసుకుంటామని ఇంట్లో పెద్ద మగవాడికి, ఆడవాళ్ళకి విడివిడిగా చెప్పాలి. నా ఉద్దేశంలో వరసైన పెళ్ళికాని మగవాడున్న ఇంటికన్నా, కాస్త పేదదైనా పిన్ని ఇల్లు మేలు.

రెండోది భూమి. తండ్రి పోయిన పిల్లకు ఎకరమో అరెకరమో వాటా ఉంటే, ఇన్నాళ్ళూ తొంగిచూడని పెదనాన్న ఒక్కసారిగా ప్రేమగా రావచ్చు. ప్రేమే కావచ్చు కూడా. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, తండ్రి పోయాక విరాసత్ (వారసుల పేరుకు మార్పు) అయిందా, పిల్ల పేరు అందులో ఎక్కిందా అని తహశీల్దారు ఆఫీసులో ఒకసారి చూసి, ఆ నకలు ఫైల్లో పెడితే సరిపోతుంది. ఎవరినీ అనుమానించినట్టు మాట్లాడక్కర్లేదు. కాగితం ఫైల్లో ఉందని తెలిస్తే చాలామటుకు అక్కడితో సర్దుకుంటుంది.

నెలకు 4,000

పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు. అంతకు ముందు పథకంలో అది 2,000. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లాలో స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా వేరే కుటుంబంలో పెంపకం) ఆమోద కమిటీ మంజూరు చేస్తుంది. హోం నుంచి ఇంటికి వెళ్ళే పిల్లలకూ, అసలు హోంకి రాకుండా ఆపాల్సిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. రెండో రకమే ఎక్కువ ఉపయోగం. ఇంట్లోంచి కదలని పిల్లను వెనక్కి పంపే పనే ఉండదు కదా.

డబ్బు ఆగేది మంజూరులో కాదు, కాగితాల్లో. ఆదాయ ధృవీకరణ తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో వస్తుంది. అది తేలిక. కష్టమైనది తండ్రి మరణ ధృవీకరణ. వేరే రాష్ట్రంలో పనికి పోయి చనిపోయినవాడి మరణం ఎక్కడా నమోదై ఉండదు. ఏడాది దాటాక నమోదు చేయించాలంటే ఆర్డీఓ స్థాయి ఉత్తర్వు కావాలి. ఆ పని తల్లి ఒక్కదాని వల్ల కాదు. పిల్ల ఇంకా హోంలో ఉండగానే ఈ దరఖాస్తు వేయించాలి. వితంతు పింఛనుకూ అదే కాగితం కావాలి కాబట్టి ఒక తిరుగుడుకు రెండు పనులు అవుతాయి.

తరవాత బ్యాంకు. ఖాతాకు ఆధార్ లింకు లేకపోవడం, ఏడాదిగా లావాదేవీ లేక ఖాతా నిద్రపోవడం, పిల్ల వేలిముద్ర పడకపోవడం ఇవన్నీ మామూలే. ఈ మధ్య కొత్తగా చేరింది ఐఎఫ్ఎస్‌సీ మార్పు. 2025 జనవరిలో తెలంగాణలోనూ, మే 1 నుంచి ఆంధ్రలోనూ గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. పాత పాసుపుస్తకం జిరాక్స్ మీది కోడ్ ఇప్పుడూ చెల్లుతుందో లేదో శాఖలో అడిగి, కొత్త పుస్తకం తీసుకుని, దాని నకలే జతచేయాలి. పంపే తేదీకి ముందే ఆ ఖాతాలో వంద రూపాయలు వేసి, తీసి చూడండి. పడితే దారి సరిగ్గా ఉన్నట్టు.

మొదటి విడత ఎప్పుడు పడుతుందో తల్లికి నిజం చెప్పాలి. ‘వచ్చే నెల పడుతుంది’ అని నోటికొచ్చినట్టు చెప్పి, మూడు నెలలు పడకపోతే ఆవిడ మన ఫోన్ ఎత్తడం మానేస్తుంది. డబ్బుకన్నా ఆ ఫోన్ పోవడమే పెద్ద నష్టం. హోంలకు చేతనైతే మొదటి మూడు నెలలకు బియ్యం, పప్పు, నోటు పుస్తకాలు సొంతంగా సర్దాలి.

ఇంకో మెలిక. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల ముప్పై రోజులకు మించి బడికి పోకపోతే స్పాన్సర్‌షిప్ ఆపొచ్చని మార్గదర్శకాలు అంటాయి. వైకల్యం ఉన్న పిల్లలకు మినహాయింపు ఉంది. గుంటూరు, ఖమ్మం వైపు మిరపకోతలకు ఇల్లంతా కదిలిపోయే కుటుంబాల్లో జనవరి, ఫిబ్రవరిలో జరిగేది సరిగ్గా ఇదే. పిల్ల కూడా వెళ్తుంది, హాజరు పోతుంది, డబ్బు ఆగుతుంది. వలసకు పోతారని ఇల్లు చూసిన రోజే తెలుస్తుంది. ఆ నెలలకు ఊళ్ళో పిల్ల ఎవరి దగ్గర ఉండాలి, లేదా సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్ దగ్గర్లో ఉందా అన్నది ప్రణాళికలోనే రాసుకోవాలి.

ఎప్పుడు పంపాలి

ఏప్రిల్ చివర్లో బడి మూసే రోజు పిల్లల్ని పంపేయడం అందరికీ సుఖం. హోం ఖాళీ అవుతుంది, తల్లీ సంతోషిస్తుంది. కానీ వేసవి నెలన్నర పిల్లకు చుట్టపు చూపే. మామిడిపళ్ళు, చెరువు, పెళ్ళిళ్ళు. అసలు కాపురం జూన్ రెండో వారంలో బడి తెరిచినప్పుడు మొదలవుతుంది. అప్పటికి ఫాలో-అప్ చేసేవాళ్ళు కొత్త చేరికల పనిలో మునిగి ఉంటారు. పిల్ల ఏ బడికీ వెళ్ళకుండా జూలై వచ్చేస్తుంది. వేసవిలో పంపినా తప్పు లేదు, అయితే బడిలో పేరు ఏప్రిల్‌లోనే రాయించాలి, జూన్ మొదటి వారంలో ఒకరు ఆ ఊళ్ళో ఉండాలి.

దానికన్నా ముందు మెట్లున్నాయి. ముందు ఫోన్, వారానికి ఒకసారి, ఒకే సమయానికి. తరవాత తల్లి హోంకి వచ్చి ఒక పూట గడపడం. తరవాత దసరాకో, సంక్రాంతికో నాలుగు రోజులు ఇంటికి. తిరిగొచ్చాక పిల్లను, తల్లిని విడివిడిగా అడగాలి. సంక్రాంతికి బాగుండి, మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో తెలియాలంటే పండగ లేని వారాంతం కూడా ఒకటి పెట్టాలి. మొత్తం మీద మూడు నాలుగు నెలలు. తల్లితో బంధం గట్టిగా ఉన్న పిల్లకు అంత అక్కర్లేదు, ఆరేడేళ్ళుగా హోంలోనే ఉన్న పిల్లకు అది చాలకపోవచ్చు.

పత్తి విత్తనాల కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని నడిచే గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో పది పద్నాలుగేళ్ళ ఆడపిల్లల్ని ఆ సీజన్ మొదట్లో ఇంటికి చేర్చొద్దు. ఇంట్లో పనికొచ్చే చేతులు వచ్చాయన్న ఆలోచన ముందు వస్తుంది. ముందు బడి అలవాటు పడాలి.

ఎన్నో ఏళ్ళు గంట కొడితే లేచి, గంట కొడితే తిన్న పిల్లకు ఇంట్లో ఏదీ వేళకు రాదు. అన్నం రాత్రి తొమ్మిదింటికి ఉడకొచ్చు. తమ్ముడో చెల్లో అమ్మ ఒళ్ళో ఉంటారు, వాళ్ళను తనెప్పుడూ చూడలేదు. మొదటి వారాల్లో పక్క తడపడం, అన్నం దాచుకోవడం, అడగకుండా తీసుకోవడం, అమ్మను ‘మేడమ్’ అనడం జరుగుతాయి. తల్లికి ముందే చెబితే ఇవి సర్దుకుంటాయి. చెప్పకపోతే ‘హోంలో దొంగతనం నేర్చుకొచ్చింది’ అని మొదలవుతుంది. హోం సిబ్బందికీ ఒక మాట. అల్లరి చేసినప్పుడు ‘ఇంటికి పంపేస్తా’ అని బెదిరించడం అలవాటైన చోట ఇంటికి వెళ్ళడం శిక్షలా ఉంటుంది. అటువైపు తల్లి ‘మళ్ళీ హాస్టల్లో వేసేస్తా’ అంటుంది. ఆ రెండు మాటలూ ఆపించకుండా ఎంత కౌన్సెలింగ్ చేసినా నిలవదు.

సంచిలో బట్టలతోపాటు ఉండాల్సినవి: సమితి ఆర్డరు నకలు, పుట్టిన తేదీ ధృవీకరణ, కుల ధృవీకరణ, ఆధార్, టీకాల కార్డు, స్టడీ సర్టిఫికెట్, టీసీ, బడి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, బ్యాంకు పుస్తకం. రోజూ మందులు వాడే పిల్లకు కనీసం నెల మందులు, హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందుల మీద ఉన్న పిల్లకు కొత్త ఊరి దగ్గరి కేంద్రానికి బదిలీ ఉత్తరం. హోంలో దిగిన ఫోటోలు ఓ పది ప్రింటు తీసి ఇవ్వండి. తన ఐదేళ్ళు ఎక్కడ గడిచాయో చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఇంకేమీ ఉండదు. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లకు ప్రభుత్వ బడి సీటు ఇవ్వననకూడదు, విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ఆ మాటే చెబుతుంది. హెడ్మాస్టరు గారికి ఆ సెక్షన్ నంబరు మర్యాదగా గుర్తుచేస్తే సరిపోతుంది.

కాగితం మీద ‘ఇంటికి పంపాం’ అని రాసి నేరుగా గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో చేర్చే దారి ఒకటుంది. చదువుకోసం అది మంచిదే. సెలవులన్నీ ఇంట్లో గడిచి, బడి కాగితాల్లో సంరక్షకురాలిగా తల్లి సంతకం ఉంటే దాన్ని కుటుంబంతో ఉన్నట్టే అనుకోవచ్చు. దసరాకి కూడా హాస్టల్లోనే మిగిలిపోతోందంటే బోర్డు ఒక్కటే మారింది.

ఇల్లంటూ లేని పిల్లలకు ఫోస్టర్ కేర్ ఉంది. 2024లో మార్గదర్శకాలు సవరించాక పెళ్ళికాని, భర్తో భార్యో లేని ఒంటరివాళ్ళు కూడా 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉంటే ముందుకు రావచ్చు. ఒంటరి మగవాళ్ళకు మగపిల్లల్నే ఇస్తారు. పిల్ల రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాక దత్తతకు అడగొచ్చు, ముందు ఇది ఐదేళ్ళు. మన దగ్గర ఫోస్టర్ కుటుంబాలు పెరగకపోవడానికి కారణం వచ్చేవాళ్ళలో చాలామంది అడిగేది పసిబిడ్డను దత్తతకు కావడం. వేచి ఉన్నది పదేళ్ళ అబ్బాయి. వాడికి అప్పుడప్పుడు వచ్చే తాగుబోతు తండ్రి కూడా ఉంటాడు, ఆ తండ్రిని కలవనివ్వాలి. ఇది మొదటి సమావేశంలోనే చెప్పేస్తే సగం మంది వెళ్ళిపోతారు. మిగిలిన సగంతోనే పని.

వైకల్యం ఉన్న పిల్లలు అన్నిచోట్లా ఆఖరికి మిగులుతారు. వైకల్యం ఎంతో చెప్పే సదరం ధృవీకరణ, పింఛను, దగ్గర్లో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం, వారానికోసారి ఫిజియోథెరపీ, పగలు చూసే మనిషి ఈ ఐదూ ఒకే ఊళ్ళో దొరికితేనే ఇల్లు నిలబడుతుంది. ఇందులో ఐదోదే దొరకదు. తల్లి కూలి మానుకోవాల్సి వస్తే ఆ కూలి డబ్బు ఎవరు ఇస్తారన్నదానికి మన పథకాల్లో ఇంకా సరైన జవాబు లేదు.

దాతల సంగతి

హోం ఖాళీ అవుతుందంటే భయపడేవాళ్ళు చాలామంది. జీతాలున్న సిబ్బంది, తలకింత లెక్కన వచ్చే నిధులు, పుట్టినరోజుకి అన్నదానం చేసే కుటుంబాలు. అమెరికా నుంచి ‘మా నాన్నగారి పేర ఊళ్ళో అనాథాశ్రమం కట్టిస్తాం’ అనేవాళ్ళూ ఏటా ఉంటారు. వాళ్ళ మనసు మంచిదే. ఆ భవనం కట్టాక పడకలు నింపాలి, నింపడానికి తల్లులున్న పిల్లలే దొరుకుతారు. అదే డబ్బుతో ఒక మండలానికి ఇద్దరు సామాజిక కార్యకర్తల జీతం, బండి పెట్రోలు, సాయంత్రం బడి తరవాత అన్నం పెట్టి చదివించే గది నడిపితే ఎక్కువ మంది పిల్లలు అమ్మ దగ్గరే పడుకుంటారు. ఉన్న హోం భవనం కూడా దీనికి పనికొస్తుంది. వంటగది ఉంది, వార్డెన్‌కు పిల్లలు తెలుసు. ఆమెను సాయంత్రం కేంద్రానికి మార్చితే ఉద్యోగమూ పోదు. పుట్టినరోజు కేకు తెచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటోలు దిగడం మాత్రం దయచేసి ఆపండి.

పంపాక

రెండో రోజు ఫోన్. రెండు వారాలలోపు ఇంటికి వెళ్ళి చూడటం. మొదటి ఆరు నెలలు నెలకోసారి, తరవాత మూడు నెలలకోసారి, రెండేళ్ళు నిండేదాకా. జిల్లా విభాగంలో సంస్థాగతేతర సంరక్షణ, అంటే హోం బయట ఉన్న పిల్లల సంగతి, చూసే ప్రొటెక్షన్ ఆఫీసరు ఒక్కరే ఇదంతా తిరగలేరు. కాబట్టి పంపేముందే ఊళ్ళో ఒక మనిషిని అడిగి పెట్టుకోవాలి. అంగన్‌వాడీ టీచరో, బడి టీచరో, వారానికోసారి పిల్లను కంటితో చూసి ఒక మెసేజ్ పెట్టగలిగినవాళ్ళు. ఇంటివాళ్ళ సొంత చుట్టాలు అయితే కుదరదు.

తేడా వచ్చేముందు కనబడే గుర్తులు కొన్ని. తల్లి నంబరు స్విచ్ ఆఫ్. పిల్ల బడికి సోమవారాలు రాకపోవడం. అంగన్‌వాడీలో తూచితే బరువు తగ్గడం. ఎప్పుడు వెళ్ళినా ‘ఇప్పుడే బయటికెళ్ళింది’ అన్న జవాబు. పదమూడు దాటిన పిల్లకు కొత్తగా పట్టీలు, చీర ఫంక్షన్ అయి వారం రోజుల్లో చుట్టాల రాకపోకలు పెరగడం. వీటిలో ఏ రెండు కలిసినా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆ వారంలోనే వెళ్ళాలి. ఆఖరి గుర్తు పెళ్ళి మాటలది, అది కనబడితే అదే రోజు, బాలల హెల్ప్‌లైన్ 1098కి చెప్పి వెళ్ళాలి.

కొన్ని ఇళ్ళు నిలవవు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సంస్థలకు మొహమాటం, అంకెలు తగ్గుతాయి మరి. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, అమ్మమ్మ మంచానపడింది, అప్పులవాళ్ళు వచ్చారు. అప్పుడు పిల్లను సమితి ముందుకు తెచ్చి తిరిగి చేర్చుకోవడం సరైన పనే. హోం నియమాల్లో ‘పంపినవాళ్ళను మళ్ళీ చేర్చుకోం’ అన్న వాక్యం ఉంటే తీసేయాలి, దాని భయంతో తల్లులు మొదటి ఆరు నెలల ఇబ్బందులు మనకు చెప్పరు. తిరిగొచ్చిన పిల్లకు వీలైతే పాత బడి, పాత తరగతి. వచ్చిన కారణం పాత వాక్యాన్ని కాపీ కొట్టకుండా కొత్తగా రాయాలి, ఇప్పటి కారణం వేరే అయి ఉంటుంది. తల్లి ఫోన్ వచ్చే ఆదివారం నుంచే మళ్ళీ మొదలవ్వాలి.